కుడిచేతికొక కర్మ, ఎడమచేతికొక కర్మా?

మెడ దగ్గర వెన్నుపాము నుంచి బయటికొచ్చే ఐదు నరాల మూలాలు చంక వైపు దిగుతూ, కలుస్తూ, చీలుతూ, మళ్లీ కలుస్తూ ఒక అల్లికగా మారతాయి. వైద్యులు దాన్ని బ్రేకియల్ ప్లెక్సస్ అంటారు. చేతికి కదలికనూ స్పర్శనూ ఇచ్చే పెద్ద నరాలు అందులోంచే పుడతాయి. వాటిలో మీడియన్ నరం ఒకటి. అల్లికలోని బయటి తాడు నుంచి ఒక పాయ, లోపలి తాడు నుంచి మరో పాయ వచ్చి, చంకలోని పెద్ద ధమని ముందు కలిస్తే ఆ నరం తయారవుతుంది. జబ్బలో ఏ కండరానికీ కొమ్మనివ్వకుండా అది మోచేయి దాటి, మణికట్టులోని ఇరుకు దారి గుండా అరచేతికి చేరుతుంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలిలో సగం, అరచేతి వైపున వీటి స్పర్శంతా దీనిదే. బొటనవేలిని తక్కిన వేళ్లకు ఎదురుగా తెచ్చే బలం కూడా దీనిదే. బాసరలో అక్షరాభ్యాసం నాడు పసివాడి చేత పలక మీద దిద్దించేటప్పుడు బలపాన్ని పట్టుకునే మూడు వేళ్లూ ఈ నరం ఏలుబడిలోనివి. కరీంనగర్ పనివాడు వెండి తీగను మెలిపెట్టి ఫిలిగ్రీ అల్లినా, నిర్మల్‌లో బొమ్మకు కన్ను దిద్దినా, జగిత్యాలలో ఆడవాళ్లు ఇంటరుగు మీద బీడీలు చుట్టినా ఆ నేర్పుకు ముఖ్యమైన ఆధారం ఇదే.

పైన చెప్పింది పాఠ్యపుస్తకంలో ఉండే బొమ్మ. ఆదిలాబాద్ రిమ్స్‌లోనైనా, కరీంనగర్ శివార్లలోని బొమ్మకల్, నగునూర్ వైద్య కళాశాలల్లోనైనా మొదటి సంవత్సరం విద్యార్థి ఆ బొమ్మనే నేర్చుకుంటాడు. శరీరాన్ని తెరిచి చూస్తే మాత్రం బొమ్మ ప్రతిసారీ కనిపించదు. రెండు పాయలు చంకలో కలవాల్సింది జబ్బ మధ్యదాకా విడివిడిగా సాగి అక్కడ కలుస్తాయి. కొన్నిసార్లు బయటి తాడు నుంచి ఒకటికి బదులు రెండు పాయలొస్తాయి. నరం ధమనికి ముందు కాక వెనకనుంచి పోతుంది. పక్కనున్న మస్కులోక్యుటేనియస్ నరం నుంచి ఒక కొమ్మ అడ్డంగా వచ్చి ఇందులో చేరుతుంది. అరుదుగా ఆ పక్క నరం అసలే ఉండదు, దాని కండరాలను మీడియన్ నరమే పోషిస్తుంది. 1918లో అబ్రమ్ కెర్ అనే అమెరికా శాస్త్రవేత్త 175 ప్లెక్సస్‌లను పరిశీలించి 29 రూపాలను గుర్తించాడు. అవి పెద్దవాళ్ల శరీరాలు కాబట్టి జీవితంలో తర్వాత వచ్చిన మార్పులేమో అన్న సందేహానికి కొంత చోటుంది. 2003లో తుర్కియే పరిశోధకులు అచ్చు వేసిన ఫలితాలు ఆ సందేహాన్ని తీర్చాయి. గర్భస్రావంలో పోయిన, పైకి ఏ వైకల్యమూ లేని 100 మంది గర్భస్థ శిశువుల 200 ప్లెక్సస్‌లలో 107 పుస్తకంలోని బొమ్మకు భిన్నంగా ఉన్నాయి. అంటే సగానికి పైనే. మరో సంగతి ఇంకా ముఖ్యమైంది. మీడియన్ నరంలోని ఈ తేడాలు తరచుగా ఒక చేతికే ఉంటాయి. కుడిచేయి బొమ్మ ప్రకారం ఉంటే ఎడమచేయి ఉండదు.

ఇదెలా జరుగుతుందో కొంతవరకు తెలుసు. గర్భం నిలిచిన 26 రోజుల ప్రాంతంలో పిండం పక్కల చిన్న మొటిమలా చేయి మొలకెత్తుతుంది. ఐదో వారంలో నరాలు అందులోకి చొరబడతాయి. ప్రతి నరపు తంతువు కొసన దారి వెతికే ఒక భాగం ఉంటుంది. దాన్ని 1890లో స్పెయిన్ శాస్త్రవేత్త రమోన్ ఇ కహాల్ వర్ణించాడు. అది చుట్టూ ఉన్న కణాలు విడుదల చేసే రసాయనాలను పసిగడుతూ, కొన్నింటి వైపు సాగుతూ, కొన్నింటి నుంచి తప్పుకుంటూ, ముందు వెళ్లిన తంతువులను అంటిపెట్టుకుని పోతుంది. ఊరి నుంచి చెరువు దాకా పొలాల మధ్య పడే కాలిబాటలాంటిది ఇది. ఎవరూ గీత గీసి ఇవ్వరు. ముందు నడిచినవాళ్ల వెంట వెనకవాళ్లు నడుస్తారు. చెట్టు అడ్డొస్తే బాట రెండుగా చీలి అవతల కలుస్తుంది. చెరువు మాత్రం తప్పదు. నరం కూడా చేరాల్సిన కండరాన్ని దాదాపు ఎప్పుడూ చేరుతుంది. ఏ మలుపు దగ్గర చీలి ఎక్కడ కలవాలన్నది మాత్రం కొన్ని గంటల, కొన్ని కణాల మధ్య తేలే విషయం.

ఇంత చిన్న విషయాన్ని తాత్విక ప్రశ్నగా ఎందుకు ఎత్తుకోవాలంటే, పుట్టుకతో వచ్చే తేడాలకు మనం చెప్పుకునే కారణాలు ఇంకా చాలా ఇళ్లల్లో మనుషుల్ని గాయపరుస్తున్నాయి కాబట్టి. పెదవి చీలి పుట్టిన బిడ్డను చూసి గ్రహణం పట్టిందంటారు. గ్రహణం వేళ కూరగాయలు కోసిందా, బయటికొచ్చిందా అని తల్లిని నిలదీస్తారు. చేయి వంకరగా ఉంటే ఏ జన్మలో ఏం చేశాడో అంటారు. ఈ రెండో మాట మొదటిదానికంటే మృదువుగా వినిపిస్తుంది గానీ బరువు తక్కువేమీ కాదు. మొదటిది తల్లిని దోషిని చేస్తుంది, రెండోది ఇంకా మాటలు రాని బిడ్డను దోషిని చేస్తుంది. నేను ఇక్కడ చెప్పదలచింది ఒక్కటే. గర్భస్థ శిశువుల చేతుల్లో కనిపించే ఈ నరపు తేడాలను గట్టిగా ఆలోచిస్తే, శరీరంలోని తేడాకు పాపాన్ని కారణంగా చెప్పే వాదం నిలవదు. ఆ వాదాన్ని వదులుకున్నంత మాత్రాన ధర్మాన్ని వదులుకున్నట్టు కాదని కూడా నా నమ్మకం.

మన సంప్రదాయం గర్భాన్ని పట్టించుకోకుండా వదిలేయలేదు. గర్భోపనిషత్తు పిండం నెలనెలా ఎలా పెరుగుతుందో చెబుతుంది, శరీరంలో 360 ఎముకలని, 107 మర్మాలని లెక్కిస్తుంది. గర్భధారణ వేళ తల్లిదండ్రుల మనసు కలత చెందితే బిడ్డ గుడ్డిగానో కుంటిగానో పుడతాడంటుంది. సుశ్రుత సంహిత శారీరస్థానంలో గర్భిణి కోరికలు తీర్చకపోతే గూనివాడో, వంకర చేతివాడో పుడతాడని ఉంది. ఆ మాటలో గర్భిణిని బాగా చూసుకోమనే హితవు ఉంది, అది గౌరవించదగ్గదే. అయితే అదే గ్రంథంలో మరో చర్చ ఉంది, నాకు అది ఎక్కువ విలువైనది. పిండంలో మొదట ఏ అంగం పుడుతుందన్నది ప్రశ్న. శౌనకుడు తల అంటాడు, కృతవీర్యుడు గుండె అంటాడు, పారాశర్యుడు బొడ్డు అంటాడు, మార్కండేయుడు చేతులూ కాళ్లూ అంటాడు. చివరికి ధన్వంతరి, అన్నీ ఒక్కసారే పుడతాయని, లేత మామిడికాయలో టెంకా కండా పీచూ విడిగా కనబడనంత సూక్ష్మంగా ఉన్నట్టే అవి మనకు కనబడవని తేలుస్తాడు. జవాబులో ఎంత నిజముందన్నది పక్కన పెడదాం. ఆ ప్రశ్న అడిగిన తీరులో పాపం లేదు, పుణ్యం లేదు. ఏది ఎప్పుడు ఎలా ఏర్పడుతుందన్నదే ఉంది. చూసినదీ శాస్త్రంలో చదివినదీ రెండూ కలిస్తేనే జ్ఞానం పెరుగుతుందని చెప్పి, మృతదేహాన్ని గడ్డితో చుట్టి పంజరంలో పెట్టి పారే నీటిలో ఏడు రాత్రులు నానబెట్టి, కుంచెతో మెల్లగా ఒక్కో పొరా తొలగిస్తూ చూడమన్నదీ ఆ గ్రంథమే.

కర్మవాదానికి అన్నిటికంటే పదునైన రూపం జైనులిచ్చారు. కరీంనగర్‌కు దగ్గరలో కురిక్యాల దగ్గరున్న బొమ్మలగుట్ట మీద పదో శతాబ్దంలో పంప కవి తమ్ముడు జినవల్లభుడు జైన శిల్పాలు చెక్కించి, సంస్కృత, కన్నడ, తెలుగు భాషల్లో శాసనం వేయించాడు. తెలుగులో మనకు దొరికిన తొలి కంద పద్యాలు అందులోనివేనని సాహిత్య చరిత్రకారులు మెచ్చుకుంటారు. ఆ గుట్ట మీద పూజలందుకున్న సిద్ధాంతం శరీరం గురించి ఏం చెప్పిందన్నది తక్కువమంది తలుస్తారు. జైనుల గ్రంథమైన తత్త్వార్థసూత్రం ఎనిమిదో అధ్యాయం కర్మను ఎనిమిది మూల జాతులుగా విభజిస్తుంది. అందులో నామకర్మ అనేది శరీరాన్ని కట్టే కర్మ. దానికి 42 భేదాలు. అంగాలనూ ఉపాంగాలనూ ఏర్పరచేది ఒకటి, ఏ అవయవం ఎక్కడ ఉండాలో అక్కడ ఎంత ఉండాలో అంత అమర్చేది మరొకటి. లోకంలో ఇంత వివరంగా శరీర నిర్మాణాన్ని కర్మకు అప్పజెప్పిన దర్శనం ఇంకొకటి లేదు. నా వాదం నిలబడాలంటే గ్రహణం కబుర్లను కాదు, ఈ సిద్ధాంతాన్ని ఎదుర్కోవాలి.

కర్మకు ఫలం ఉంటుందంటే ఆ ఫలాన్ని ఎవరో అనుభవించాలి. జైనులు విపాకమన్నా, వేదాంతులు ప్రారబ్ధమన్నా ఫలానికొచ్చిన కర్మ అనుభవించడం వల్ల తరిగిపోతుందన్న మాటలో తేడా లేదు. ఇప్పుడు మీడియన్ నరం రెండు పాయలు చంకలో కాక జబ్బ మధ్యలో కలిసిన మనిషిని తీసుకుందాం. అతడికి నొప్పి లేదు, సుఖం లేదు. బొటనవేలు పనిచేస్తుంది, వేళ్లకు స్పర్శ ఉంది. తన చేతిలో అలాంటి తేడా ఉందని అతడికి తెలియదు, పక్కవాడికి తెలియదు. 90 ఏళ్లు బతికినా తెలియకుండానే పోతాడు. ఇక పుట్టకముందే పోయిన శిశువు చేతిలో ఆ తేడా ఉంటే అనుభవించే అవకాశమే రాలేదు. ఎవరూ అనుభవించని ఫలాన్ని ఏ కర్మ ఫలమనాలి? దాన్ని కర్మఫలం కాదని ఒప్పుకోక తప్పదు. ఒప్పుకున్న క్షణంలో ఒక పెద్ద విషయం ఒప్పుకున్నట్టే. శరీర నిర్మాణంలో కర్మతో సంబంధం లేని తేడాలున్నాయి, అవి సగానికి పైగా మనుషుల్లో ఉండేంత మామూలు. తల్లి చూసిన గ్రహణమో, తండ్రి మనసులోని కలతో కారణమన్నా చిక్కు తీరదు. ఒకే గర్భంలో, ఒకే క్షణాన, ఒకే తల్లి రక్తంతో, ఒకే జీవుడికి ఏర్పడిన రెండు చేతుల్లో ఒకటి ఒకలా, రెండోది మరోలా ఉంది. ఏ గ్రహణమూ ఎడమచేతిని మాత్రమే తాకదు. వంశం నుంచి వచ్చిన జన్యువులు కూడా ఆ రెండు చేతులకూ ఒకటే. ఆధునికులు జన్యువుల మీద మోపే భారాన్ని కూడా ఈ ఉదాహరణ కొంత తగ్గిస్తుంది, దీన్ని గుర్తుంచుకోవడం మంచిది.

దీనికి గట్టి ఆక్షేపణ ఒకటుంది. బాధ లేని తేడాకు కర్మ అవసరం లేదు సరే, బాధపెట్టే తేడా సంగతేమిటి, పెదవి చీలిన బిడ్డ పాలు కుడవలేక ఏడుస్తుంది, అది అనుభవమే కదా అంటారు. నిజమే, ఆ బాధను చిన్నదిగా చూపే హక్కు ఎవరికీ లేదు. అయితే ఆ చీలిక ఎలా వస్తుందో చూడాలి. చేతిలో నరాలు దారి వెతుక్కునే రోజుల తర్వాత కొద్దికాలానికే, ఆరు ఏడు వారాల మధ్య, ముఖం మీద పక్కల నుంచి పెరిగే ముద్దలు ముక్కు వైపు నుంచి దిగే ముద్దలతో కలిసి పైపెదవి ఏర్పడుతుంది. కలయిక పూర్తికాకపోతే చీలిక మిగులుతుంది. ప్రపంచంలో సుమారు 700 జననాల్లో ఒకరికి పెదవో అంగిలో ఇలా చీలి ఉంటుంది. ఇక్కడా కణాలు పెరుగుతూ సాగుతూ కలవాల్సిన చోటికి చేరడమే జరుగుతోంది. నరపు పాయలు ఆలస్యంగా కలిస్తే ఏమీ కాదు, ముఖపు ముద్దలు ఆలస్యంగా కలిస్తే చీలిక వస్తుంది. జరిగే తీరు ఒకే కోవకు చెందింది, జరిగిన చోటు వేరు. చేతిలోని దానికి పాపాన్ని వెతకని మనం పెదవి మీది దానికి వెతకడానికి ఉన్న ఒకే కారణం, అది మన కంటికి కనబడటం. కంటికి కనబడటం నేరానికి సాక్ష్యం కాజాలదు.

ఇంకొందరు ఇలా అంటారు: కర్మ ప్రకృతి నియమాల ద్వారానే పనిచేస్తుంది, కణాల కదలికను కూడా అదే నడిపి ఉండవచ్చు. ఉండవచ్చు. కాదని నిరూపించే సాధనం ఏ ప్రయోగశాలలోనూ లేదు. కానీ అన్ని కదలికలనూ సమానంగా నడిపే కర్మ ఏ ఒక్క కదలికనూ ప్రత్యేకంగా వివరించదు. ఎవరి పాపం ఏదో చెప్పే శక్తి దానికి అప్పుడుండదు. బౌద్ధ గ్రంథాలు ఈ చోట నిజాయితీగా ఉన్నాయి. బౌద్ధం మన ప్రాంతానికి కొత్త కాదు, ధూళికట్ట బౌద్ధ స్తూపమున్న నేల ఇది. గోదావరి ఒడ్డున బాదనకుర్తి దగ్గరే బావరి అనే గురువు ఆశ్రమం ఉండేదని, ఆయన శిష్యులు ఇక్కడి నుంచే బుద్ధుణ్ణి ప్రశ్నలడగడానికి వెళ్లారని చెప్పుకుంటారు. మజ్ఝిమ నికాయంలో శుభుడనే యువకుడు మనుషుల్లో అల్పాయువులూ రోగులూ కురూపులూ ఎందుకుంటారని అడిగితే, బుద్ధుడు వాళ్ల కర్మ వల్లనే అంటాడు. నా వాదానికి ఇది ఎదురు నిలిచే మాటే, దాచిపెట్టడం న్యాయం కాదు. అయితే సంయుక్త నికాయంలో శివకుడనే పరివ్రాజకుడు, మనిషి అనుభవించేదంతా పూర్వకర్మ వల్లనే అనేవాళ్ల గురించి అడుగుతాడు. అప్పుడు బుద్ధుడు పిత్తం, కఫం, వాతం, అవి మూడూ కలవడం, ఋతువు మార్పు, ఒళ్లు సరిగా చూసుకోకపోవడం, దెబ్బ తగలడం అని ఏడు కారణాలు చెప్పి, కర్మను ఎనిమిదోదిగా పెడతాడు. అంతా పూర్వకర్మే అనేవాళ్లు లోకం ఎరిగిన నిజాన్ని దాటి మాట్లాడుతున్నారని తేల్చి చెబుతాడు. అంగుత్తర నికాయం కర్మవిపాకాన్ని ఆలోచనకు అందని విషయాల్లో చేర్చింది. మూడింటినీ కలిపి చదివితే నాకు తోచేది ఇది. శుభుడికిచ్చిన జవాబు వింటున్నవాడు ఇకపై హింస మానుకోవడానికి చెప్పింది. ఎదుటివాడి శరీరం చూసి వాడి గతాన్ని చదవడానికి అది అనుమతి పత్రం కాదు.

సృష్టికర్తను నమ్మేవాళ్లకు ఇంకో రకం బెంగ ఉంటుంది. దేవుడు చేసిన దానిలో ఇన్ని తేడాలుంటే ఆయన పనిలో లోపమున్నట్టు కాదా? ఖురాన్ మూడో సూరాలో గర్భంలో మిమ్మల్ని తాను కోరిన విధంగా తీర్చిదిద్దేవాడు ఆయనే అన్న భావం ఉంది. బైబిలు 139వ కీర్తనలో తల్లి గర్భంలో తనను అల్లినందుకు కృతజ్ఞత ఉంది. రెండింటిలోనూ అందరినీ ఒకే అచ్చులో పోశానన్న మాట లేదు. అచ్చు మన పుస్తకానిది. 29 రూపాల్లో మిగతావాటికంటే తరచుగా కనబడేదాన్ని బొమ్మగా గీసి, దానికి సహజమన్న పేరు పెట్టి, మిగతావాటిని తప్పుల పట్టీలో చేర్చింది మనిషే. తేడాను లోపమనుకోవడం వల్లనే దేవుడి మీద అనుమానం పుడుతోంది.

మరి బొమ్మే వద్దంటే వైద్యం ఎలా నడుస్తుందని శస్త్రవైద్యులు అడగవచ్చు. బొమ్మ కావాలి. దారి తెలియాలంటే పటం ఉండాల్సిందే. పటాన్ని శరీరం మీద రుద్దడం వల్లే ప్రమాదం. చేయి ఒక్కటే మొద్దుబారేలా మెడ దగ్గరో చంకలోనో మత్తు ఇచ్చే డాక్టరు, జబ్బ ఎముక విరిగినప్పుడు ప్లేటు వేసే సర్జను, నరం పుస్తకంలో ఉన్న చోటే ఉంటుందని ధీమాగా ఉంటే మత్తు అనుకున్న వేలికి అందకపోవచ్చు, కత్తి తగలకూడని చోట తగలవచ్చు. ఇప్పుడు చాలాచోట్ల అల్ట్రాసౌండ్‌తో నరాన్ని కళ్లారా చూస్తూ మత్తు ఇస్తున్నారంటే, ఈ ఒక్క శరీరం ఎలా ఉందో ముందు చూడాలన్న వినయం దాని వెనక ఉంది. గర్భస్థ శిశువుల నుంచి ఈ జ్ఞానం పొందడం తగునా అన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. ఆ శిశువు అనుమతి ఇవ్వలేదు, ఇవ్వలేదు కాబట్టే తల్లిదండ్రుల సమ్మతి, నైతిక సమితి ఆమోదం లేకుండా ముట్టకూడదన్న నియమం కచ్చితంగా ఉండాలి. పేరైనా పెట్టని ఆ బిడ్డ నుంచి తెలుసుకున్నది మరో తల్లి మీద నింద మోపడానికి కాకుండా నింద తొలగించడానికి ఉపయోగపడితే, ఆ సమ్మతికి తగిన బదులు చెల్లించినట్టని నేను అనుకుంటాను.

చివరి ఆక్షేపణ ఆచరణకు సంబంధించింది. ఎవరి తప్పూ లేదంటే ఎవరూ ఏమీ చేయనక్కర్లేదా? చేయాల్సింది చాలా ఉంది. కొన్ని వైకల్యాలకు కారణాలు తెలుసు. మేనరికం పెళ్లిళ్లలో కొన్ని వంశపారంపర్య వ్యాధులు బిడ్డకు వచ్చే అవకాశం పెరుగుతుంది. గర్భం తొలి నెలల్లో రుబెల్లా సోకితే బిడ్డ కళ్లకు, చెవులకు, గుండెకు హాని జరగవచ్చు. ఫోలిక్ యాసిడ్ తక్కువైతే వెన్నుపాము గొట్టం సరిగా మూసుకోని ప్రమాదముంది. ఇవి కారణాలు. వీటిని మార్చవచ్చు, కాబట్టి వీటి గురించి మాట్లాడాలి. పాపాన్ని మార్చలేం, అందుకే దాని గురించిన మాట నిందగానే మిగులుతుంది. చరక సంహిత విమానస్థానంలో ఆయువు ముందే నిర్ణయమై ఉంటుందా అని అగ్నివేశుడు అడిగినప్పుడు, దైవమూ పురుషకారమూ రెండూ ఉన్నాయని, అంతా నిర్ణయమైతే మందులెందుకని ఆత్రేయుడు చెప్పింది ఈ వివేకమే. వెన్నుపాము గొట్టం 28 రోజుల్లో మూసుకుంటుంది, అప్పటికి చాలామంది ఆడవాళ్లకు గర్భం నిలిచిందనే తెలియదు. మూడో నెలలో ఆస్పత్రికి వచ్చి పేరు నమోదు చేయించుకున్నాక ఇచ్చే మాత్ర మిగతా గర్భానికి మేలు చేస్తుంది గానీ ఆ గొట్టం విషయంలో ఆలస్యమైనట్టే. పెళ్లయిన అమ్మాయికి గర్భానికి ముందే ఆ మాత్ర అందిందా లేదా అన్నది ఇల్లూ, ఊరూ, ఆస్పత్రీ కలిసి జవాబు చెప్పగలిగిన ప్రశ్న.